మీ మొదటి సంపాదన నాటికి మీ వెనుక నిలబడినవారు ఎవరు?

ప్రశ్న: నల్లకుంట నుంచి ఒక అమ్మ

మా అబ్బాయికి పదిహేడేళ్ళు. సీఈసీతో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం పరీక్షలు రాసిన వారానికే, విద్యానగర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు వెళ్ళే దారిలో ఉన్న ఒక జిరాక్స్, డీటీపీ దుకాణంలో సెలవులు ముగిసేదాకా పని చేస్తానని తనంతట తానే మాట్లాడుకొని వచ్చాడు. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం ఆరు వరకు ఉండాలట. పరిశోధక విద్యార్థులు తెచ్చే సిద్ధాంత గ్రంథాలకు బైండింగు చేయడం, చేతిరాత ప్రతులను, తెలుగు టైపింగుకు వాడే అనూ ఫాంట్లలో టైపు చేయడం నేర్పుతారట. మావారికి అభ్యంతరం లేదు. బంధువులు మాత్రం, ఇంట్లో ఏం తక్కువైందని పిల్లవాణ్ణి దుకాణానికి పంపుతున్నారని ఫోన్లు చేసి మరీ అడుగుతున్నారు.

వాళ్ళకు సమాధానం చెప్పడం నాకు కష్టం కాదు. 1993 వేసవిలో, నాకు పదహారేళ్ళప్పుడు, గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో నలుగురు పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పాను. ఆడపిల్ల సంపాదన మనకెందుకని మా నాయనమ్మ అంటే, మా అమ్మ బదులు చెప్పకుండా లోపలికి వెళ్ళి, తన పాత నేత చీర ఒకటి తెచ్చి పడమటి ఎండ పడకుండా వరండాకు తెరగా కట్టి, ఆ పిల్లల కోసం కూజా నిండా నీళ్ళు పోసి పెట్టింది. వంకాయరంగు చీర, ఆవపువ్వు రంగు అంచు. ఆ రోజు అమ్మ నాయనమ్మతో వాదించి ఉంటే నాకు ఇంతగా గుర్తుండేది కాదనిపిస్తుంది.

ఇప్పుడు నా వంతు వచ్చింది. పిల్లవాడి పని పిల్లవాడికి వదిలేస్తూనే, వెనుక మనిషి ఉందన్న ధైర్యం ఇవ్వడం ఎలాగో తెలియడం లేదు. మీలో ఎవరైనా పదిహేను, పదహారు, పదిహేడేళ్ళ వయసులో పనికి వెళ్ళి ఉంటే, అప్పుడు మీ అమ్మగానీ నాన్నగానీ ఏం చేశారో, ఏది చేయకుండా ఊరుకున్నారో దయచేసి వివరంగా రాయండి.

జవాబు: తెనాలి వాస్తవ్యుడు

అమ్మా, మీ అబ్బాయి తెలుగు టైపు నేర్చుకోబోతున్నాడని చదవగానే నలభై ఏళ్ళ కిందటి కిరసనాయిలు, సిరా కలిసిన వాసన నా ముక్కుకు తగిలింది. కంప్యూటర్లు రాకముందు అదే పనిని సీసపు అక్షరాలతో చేసినవాణ్ణి నేను.

1984లో పదో తరగతి పరీక్షలు రాసి, మా ఊళ్ళోనే ఒక చిన్న ప్రెస్సులో చేరాను. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. మా నాన్నగారు రైసుమిల్లులో గుమాస్తా. నెలకు తొంభై రూపాయల జీతానికి కుదిరానని చెబితే ఆయన జీతం సంగతి వదిలేసి, ముందుగా ఏం నేర్పుతారని అడిగారు. కంపోజింగు అన్నాను. అదేమిటో నాకే సరిగా తెలియదు.

తెలుగు కంపోజింగు నేర్చుకోవడమంటే మొట్టమొదట గళ్ళు కంఠతా పట్టడం. అక్షరాలుండే కొయ్య అరను కేసు అంటారు. ఇంగ్లీషుకు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు, చుక్కలు ఉంటే సరిపోతుంది. మనకు తలకట్టుతో ఒకటి, గుడితో ఒకటి, కొమ్ముతో ఒకటి, వత్తులు వేరే, సున్న వేరే. అన్నీ కలిసి కొన్ని వందల గళ్ళు. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకొని, కళ్ళు రాతప్రతి మీద ఉంచి, కుడిచేయి తనకు తానుగా సరైన గడి మీదికి పోయేలా సాధన చేయాలి. అక్షరం తీయగానే దాని పక్కనున్న సన్నటి గాడిని బొటనవేలితో తడిమితే అది సరిగ్గా నిలబడిందో తిరగబడిందో చూడకుండానే తెలుస్తుంది. ప్రతి అక్షరమూ అద్దంలో బొమ్మలా ఎదురుతిరిగి ఉంటుంది కాబట్టి, పేర్చిన వరుసను తలకిందులుగా ఎడమ నుంచి కుడికి చదవాలి. మొదటి వారమంతా నేను కేసు ముందు నిలబడి ‘ద్ద’ కోసం ‘త్త’ గడిలో, ‘ష’ కోసం ‘ప’ గడిలో వెతుక్కుంటూ, నాలుగు పంక్తుల కరపత్రానికి పూటంతా తీసుకున్నాను. యజమాని విసుక్కునేవారు. రెండో వారంలో మానేస్తానని ఇంట్లో చెప్పాను.

నాన్నగారు ఉండమనీ అనలేదు, మానేయమనీ అనలేదు. మరునాడు మిల్లు మూసిన తరువాత ప్రెస్సుకు వచ్చి, యజమానిని అడిగి, కేసు ముందు నిలబడి, మిల్లు లెక్కల పుస్తకంలోంచి చింపిన కాగితం మీద గళ్ళన్నీ ఉన్నవి ఉన్నట్లుగా గీసుకోవడం మొదలుపెట్టారు. అలా రెండు సాయంత్రాలు పట్టింది. ఆ తరువాత ఇంట్లో, గడిచిపోయిన సంవత్సరపు గోడ క్యాలెండరును వెనక్కి తిప్పి, బద్దతో గీతలు కొట్టి, మిల్లు చిట్టా రాసే ముత్యాల్లాంటి దస్తూరితో ప్రతి గడిలో ఒక్కొక్క అక్షరం నింపి, వంటింటి గోడకు నా భుజాల ఎత్తులో మేకు కొట్టి తగిలించారు. భుజాల ఎత్తు ఎందుకంటే, ప్రెస్సులో కేసు నాకు అంతే ఎత్తులో ఉండేదని ఆయన కొలిచి వచ్చారు.

మా అమ్మ ఐదో తరగతి వరకే చదివింది. పొయ్యి దగ్గర కూర్చొని, వెనక్కి తిరగకుండానే, ‘శ్రీ ఎక్కడరా? మ్మ ఎక్కడరా? సున్న ఎక్కడరా?’ అని అడుగుతూ పోయేది. నేను కళ్ళు మూసుకొని క్యాలెండరు మీద వేలు పెట్టాలి. కుడిచేత్తో పప్పు రుద్దుతూ ఎడమచేతి వేలితో ఆమె కూడా గాలిలో ఆ గడిని చూపించడం ఒకరోజు కళ్ళు తెరిచి చూశాను. నాకంటే ముందు ఆమెకే వచ్చేసింది.

సీసం గురించి కూడా చెప్పాలి. ఆ అక్షరాలు సీసం ప్రధానంగా ఉన్న మిశ్రమ లోహంతో పోసినవి. రోజంతా వాటిని తాకిన చేతితో అన్నం తినడం మంచిది కాదని నాన్నగారికి ఎవరు చెప్పారో గానీ, యజమానితో ఆయన మాట్లాడిన మాట అదొక్కటే. జీతం గురించి ఏనాడూ మాట్లాడలేదు. ‘మావాడు భోజనానికి కూర్చునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడానికి ఐదు నిమిషాలు వదలండి, సబ్బు నేను తెచ్చి ఇస్తాను’ అన్నారు. ఆ సబ్బును ప్రెస్సులో అందరూ వాడారు. అయిపోయినప్పుడల్లా ఆయనే మళ్ళీ తెచ్చి ఇచ్చారు.

మూడో నెలలో పెద్ద పొరపాటు చేశాను. అది శ్రావణం, శుభలేఖల కాలం. రెండు వందల కార్డులు ఒక పక్కే అచ్చు వేయాలి. పేర్చిన అక్షరాలను చట్రంలో బిగించి ఫారం కట్టి, తప్పులు చూసుకోవడానికి ప్రూఫు తీసి, దిద్దుబాట్లు చేసేటప్పుడు ‘వివాహ’లో ‘వా’ జారి కిందపడితే, గడిలోంచి మరొకటి తీసి పెట్టాను. పని ముగించి అక్షరాలను తిరిగి కేసులో వేసేటప్పుడు ఎవరో ‘పా’ను ‘వా’ గడిలో వేశారు. ఆ వేసింది నేనే కావచ్చు. మళ్ళీ ప్రూఫు తీయకుండా ట్రెడిల్ మీదికి, అంటే కాలితో తొక్కే అచ్చుయంత్రం మీదికి ఎక్కించాం. రెండు వందల కార్డుల మీదా ‘విపాహ మహోత్సవము’ అని పడింది. పెళ్ళివారు సాయంత్రం వచ్చి చూసి నోట మాట లేకుండా నిలబడిపోయారు. అట్టల ఖరీదు నా జీతంలో కోస్తానని యజమాని అన్నారు.

కబురు తెలిసి నాన్నగారు వచ్చారు. పెళ్ళివారికి నమస్కారం పెట్టి, రాత్రికి రాత్రి వేయించి తెల్లవారేసరికి వారింటికే చేరుస్తామని చెప్పి, బజారుకు వెళ్ళి తన డబ్బుతో రెండు వందల కొత్త కార్డులు తెచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు దిద్దింది నేనే, ప్రూఫు చదివింది మాత్రం ఆయన. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదివారు. యజమాని ట్రెడిల్ తొక్కుతూ ఉంటే, పడిన కార్డును పడినట్లే తీసి, తడి సిరా అంటుకోకుండా బల్ల మీద పరిచింది కూడా ఆయనే. తెల్లవారుజామున ఇద్దరం ఒకే సైకిలు మీద కాలవగట్టు వెంబడి వెళ్ళి వాటిని ఇచ్చి వచ్చాం.

పాడైపోయిన రెండు వందల కార్డులు ఇంటికి తెచ్చుకున్నాం. వెనుకవైపు తెల్లగా ఉంది కదా అని నాన్నగారు ఆ ఏడాదంతా పాలు, కిరసనాయిలు, చాకలి పద్దు, మా చెల్లెలి పుస్తకాల ఖర్చు వాటి మీదనే రాశారు. ఒక వైపు ‘విపాహ’, రెండో వైపు మా ఇంటి జమాఖర్చులు. ఆయన పోయిన తరువాత ట్రంకుపెట్టెలో దారంతో కట్టిన కట్ట దొరికింది. అందులో ఒక కార్డు మీద, పాల లెక్కకు కింద, ‘అబ్బాయి జీతం 90, పోస్టాఫీసు’ అని ఉంది. నా జీతంలో ఒక్క రూపాయి కూడా ఆయన ఇంటికి వాడలేదు. పోస్టాఫీసులో నా పేర పొదుపు ఖాతా తెరిపించి, సంతకం నాచేతనే చేయించారు.

జవాబు: గోదావరి గట్టు

పై జవాబు చదివాక నాకు రాయడానికి ఏముందా అనుకున్నాను గానీ, మా అమ్మ సంగతి కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉంచాలనిపించింది.

1995, 96 సంవత్సరాల్లో నేను రాజమండ్రిలో పేపరు వేసేవాణ్ణి. తొమ్మిది, పది తరగతుల వయసు. కోటగుమ్మం దగ్గర కట్టలు దిగేవి. జిల్లా అనుబంధాన్ని అసలు పేపరులో దూర్చి, లెక్కపెట్టుకొని, ఇన్నీసుపేట, ఆర్యాపురం వైపు నూటపది ఇళ్ళకు వేయాలి. ఆరున్నరకల్లా అయిపోవాలి, ఎందుకంటే తెలుగువాళ్ళకు కాఫీతోపాటు పేపరు చేతిలో ఉండే అలవాటు అప్పటికే స్థిరపడిపోయింది. ఆలస్యమైతే మధ్యాహ్నానికల్లా ఏజెంటుకు ఫిర్యాదు చేరేది.

మా నాన్న లారీ మీద ఉండేవారు కాబట్టి నెలలో ఇరవై రోజులు ఇంట్లో అమ్మ ఒక్కతే. మా ఇంట్లో అలారం గడియారం లేదు. అమ్మ మూడున్నరకు ఎలా లేచేదో నాకు ఈనాటికీ తెలియదు. టీ కాచి, గ్లాసు నా చేతికి ఇచ్చి, నా చెప్పులు గుమ్మం వైపు తిప్పి పెట్టేది. మా సందు చివర నాలుగు కుక్కలుండేవి. సైకిలు చక్రం చప్పుడు వింటే మీదికి వచ్చేవి. మొదటిరోజు అవి నన్ను తరిమితే సైకిలు పడేసి ఇంట్లోకి పరుగెత్తాను. రెండోరోజు నుంచి అమ్మ ఒక చేతిలో టార్చిలైటు, మరో చేతిలో దుడ్డుకర్రతో నా ముందు నడిచి, సందు దాటించి, నేను పెద్దరోడ్డు ఎక్కేదాకా అక్కడే నిలబడేది. నెల తిరిగేసరికి ఆ కుక్కలు ఆమెకు మాలిమి అయ్యాయి, రాత్రి మిగిలిన అన్నం వాటికే తీసుకొని వచ్చేది. అప్పుడు కర్ర మానేసింది గానీ రావడం మానలేదు.

1996 జనవరి 18 నాటి ఉదయం మరచిపోలేను. సంక్రాంతి వెళ్ళి మూడు నాలుగు రోజులే అయింది, గోదావరి మీది నుంచి మంచు దట్టంగా కమ్మి ఉంది. నేను పేపర్లు వేస్తూ ఉండగా ఒక ఇంట్లో లైటు వెలిగి, పెద్దాయన ఒకరు బయటికి పరుగున వచ్చి నా చేతిలోంచి పేపరు లాక్కొని మొదటి పేజీ తిప్పి తిప్పి చూసి, ‘లేదేంట్రా?’ అన్నారు. ఎన్టీ రామారావు గారు ఆ తెల్లవారుజామునే పోయారు. అప్పటికే అచ్చైపోయిన పేపర్లలో ఆ వార్త ఉండే వీలే లేదు. తరువాత ప్రతి వీధిలోనూ అదే ప్రశ్న. నాకేదో తప్పు చేసినట్లు భయం వేసి, సగం ఇళ్ళకు వేయకుండానే ఇంటికి వచ్చేశాను.

అమ్మ అప్పటికే కన్నీళ్ళు పెట్టుకుంటోంది. ఆమె చిన్నప్పటి నుంచీ ఆయన సినిమాలు చూసి పెరిగిన మనిషి. అయినా కళ్ళు తుడుచుకొని, మిగిలిన పేపర్లు ఎన్ని అని లెక్క అడిగి, తలుపుకు గొళ్ళెం పెట్టి నాతో బయలుదేరింది. నేను సైకిలు నడిపించుకుంటూ వెళ్తుంటే, ఆమె ఒక్కొక్క గుమ్మంలో పేపరు పెడుతూ, అడిగినవాళ్ళకు ‘ఇది రాత్రి అచ్చైంది బాబూ, మధ్యాహ్నం ప్రత్యేక సంచిక వస్తుందేమో, పిల్లవాడు తెచ్చి ఇస్తాడు’ అని చెప్పింది. దారి నాకు తెలుసు, ఆమెకు తెలియదు. అయినా ఆ రోజు ఆమె ముందు నడిచింది, నేను వెనుక నడిచాను.

జవాబు: జగిత్యాల ఆడబిడ్డ

నాది 1998 నాటి ముచ్చట. ఇంటర్మీడియట్ చదువుతూ, పదిహేడేళ్ళ వయసులో, సాయంత్రం ఐదు నుంచి రాత్రి తొమ్మిది వరకు జగిత్యాలలో మా వాడకట్టులోని ఎస్టీడీ బూతులో కూర్చున్నాను. శుక్రవారం మాత్రం మధ్యాహ్నం నుంచే కూర్చోవాలి. గల్ఫ్ దేశాల్లో అప్పట్లో శుక్రవారం సెలవు కాబట్టి, దుబాయి, మస్కట్, సౌదీల నుంచి మా ప్రాంతపు మగవాళ్ళంతా ఆ రోజే ఫోన్లు చేసేవారు. ఇళ్ళల్లో ఫోన్లు ఉన్నవాళ్ళు తక్కువ. ‘ఫలానా వాళ్ళ ఇంటామెను పిలువుండ్రి, పావుగంటకు మళ్ళ చేస్త’ అని పెట్టేసేవారు. ఆ పావుగంటలో ఆమెను పిలిపించాలి. బూతు వదిలిపెట్టి నేను పోలేను.

మా బాపు ఆరేండ్లు దుబాయిలో కట్టుబడి పని చేసి, నడుము దెబ్బతిని తిరిగి వచ్చిన మనిషి. మా అవ్వ, అంటే అమ్మ, బీడీలు చుట్టేది. ఆడపిల్లను రాత్రిదాకా బజారులో కూర్చోబెడతారా అని కులపోళ్ళు అడిగినప్పుడు, బాపు మరునాటి నుంచి బూతు ముందు ఒక చెక్క స్టూలు వేసుకొని కూర్చోవడం మొదలుపెట్టాడు. నాకు కాపలాగా ఉన్నాడని లోకం అనుకుంది. నిజానికి ఆయన చేసింది వేరే పని. అక్కడి నుంచి ఫోను రాగానే పేరు విని, సైకిలు ఎక్కి, నొప్పి నడుముతోనే ఆ ఇంటికి పోయి వాళ్ళను వెంటబెట్టుకొని వచ్చేవాడు. చీకటి పడ్డాక చిన్నపిల్లల తల్లి ఎవరైనా ఉంటే, పిల్లను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకొని తెచ్చేవాడు. అవతల పావుగంట వేచి ఉన్నవాడికి ఇటు మనిషి దొరకకపోతే మళ్ళీ శుక్రవారం దాకా ఎట్లుంటదో తనకు తెలుసని ఒక్కసారి మాత్రం అన్నాడు.

బూతులో ఎట్లా మెలగాలో కూడా ఆయనే నేర్పాడు. ఇక్కడి నుంచి చేసేవాళ్ళకు అద్దాల గదిలో ఎర్ర అంకెల మీటరు కళ్ళ ముందే తిరుగుతూ ఉంటుంది. నిమిషం మాట్లాడితే ఒక రోజు కూలి పోయేది. చాలామంది ఆ అంకెలనే చూస్తూ, చెప్పవలసింది చెప్పకుండానే పెట్టేసి, బయటికి వచ్చాక ఏడ్చేవారు. ‘బిడ్డా, వాళ్ళు మాట్లాడుతుంటే నువ్వు మీటరు దిక్కు చూడకు, నీ పుస్తకం దిక్కు చూడు. నువ్వు చూస్తే వాళ్ళకు ఇంకా గాబరా అయితది’ అన్నాడు. నా చరిత్ర, పౌరశాస్త్రం పుస్తకాలన్నీ ఆ బూతులో కూర్చొని చదివినవే. చిల్లర లేదని నిలబడ్డవాళ్ళకు తన జేబులోంచి రూపాయి, రెండు రూపాయలు కలిపి ఇచ్చి, రాత్రి లెక్క కట్టేటప్పుడు నాకు చెప్పేవాడు కాదు. స్లిప్పులూ పైసలూ సరిపోయేసరికి నేను తెల్లబోయేదాన్ని.

నెలకు మూడు వందలు ఇచ్చేవారు. మొదటి జీతంతో బాపుకు నడుము పట్టీ కొన్నాను. అది కట్టుకొని సైకిలు తొక్కడం మరింత తేలికైందని అందరికీ చూపించుకున్నాడు.

ఇప్పుడు ఆయనకు డెబ్బై ఎనిమిది. చెవులు సరిగా వినబడవు. కానీ ఇంట్లో ఎవరి సెల్‌ఫోన్ మోగినా, ‘ఎవలింటికి బిడ్డా?’ అని అడుగుతూ చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కుంటాడు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ నమస్కారాలు. ఈ జవాబులను మావారికి చదివి వినిపించాను. తెనాలి వారి క్యాలెండరు దగ్గర ఆయన ఆపమని చెప్పి మళ్ళీ చదివించుకున్నారు. అబ్బాయి రేపే పనిలో చేరుతున్నాడు. ఒక సందేహం మాత్రం మిగిలింది. దుకాణానికి నేను ఒకసారి వెళ్ళి యజమానిని కలవడం మంచిదా, లేక పిల్లవాడికి చిన్నతనంగా ఉంటుందా?

జవాబు: తెనాలి వాస్తవ్యుడు

తప్పకుండా వెళ్ళండి, కానీ వెళ్ళే ముందు అబ్బాయికి చెప్పండి. ఏదైనా జిరాక్సు తీయించుకునే పని పెట్టుకొని వెళ్ళి, వాడి చేతే తీయించుకొని, అందరిలాగే డబ్బులిచ్చి రండి. బైండింగుకు కాగితం కత్తిరించే పెద్ద కట్టరు ఎక్కడుందో, దాన్ని ఎవరు వాడుతున్నారో ఒకసారి చూసుకోండి. అది వాడిచేత వాడించవద్దని యజమానికి అక్కడే చెప్పండి. ఇంటికి వచ్చాక అనూ కీబోర్డు పటం ఒకటి పెద్దదిగా అచ్చు వేయించి, వాడు కూర్చొని చదువుకునే బల్ల ఎదురుగా అంటించండి. సాయంత్రం వంట చేసుకుంటూ ‘ద్ద’ ఎక్కడుందో అడగండి.